గోధుమ లేని రొట్టె

పంజాబు, హర్యానా ప్రాంతాలలో భోజనమంటే ముందుగా గుర్తుకు వచ్చేది గోధుమ రొట్టె. అటువంటి ఇంటిలో ఒక బిడ్డ ఇకమీదట గోధుమ ముట్టరాదని వైద్యుడు చెప్పినప్పుడు తల్లిని వేధించే ప్రశ్న ఒక్కటే: ‘‘ఇక వీడికి ఏమి పెట్టాలి?’’

సీలియాక్ వ్యాధి ఉన్నవారికి గోధుమ, బార్లీ వంటి ధాన్యాలలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు సరిపడదు. దాని వలన చిన్నప్రేగు లోపలి పొర దెబ్బతిని, తిన్నది ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత, పిల్లలలో ఎదుగుదల మందగించడం దీని లక్షణాలు. ఉత్తర భారతంలో సుమారు నూటికి ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్లు అంచనా. 1944–45 శీతకాలంలో నెదర్లాండ్స్ కరువు పాలైనప్పుడు, రొట్టె దొరకని ఆ రోజులలో ఈ వ్యాధిగ్రస్తులైన పిల్లలు కోలుకోవడమూ, రొట్టె తిరిగి రాగానే మళ్ళీ జబ్బు పడడమూ డిక్ అనే వైద్యుడు గమనించాడు. గోధుమే ఇందుకు కారణమన్న ఆయన అనుమానం దానితో బలపడింది. నేటికీ దీనికి చికిత్స జీవితాంతం పాటించవలసిన పథ్యమే.

అయితే పథ్యమంటే రుచులన్నిటినీ వదులుకోవడం కాదు. ఒక వంటకంలో గోధుమ చేసే పని ఏమిటో తెలుసుకుంటే, ఆ పనిని మరొక దినుసుకు అప్పగించవచ్చు. రొట్టె విరగకుండా సాగేది గ్లూటెన్ వల్లనే. జొన్న, సజ్జ, మొక్కజొన్న పిండ్లలో ఆ జిగురు లేదు. అందుకే తెలంగాణలోనూ, రాయలసీమలోనూ జొన్నపిండిని వేడినీళ్ళతో కలిపి, బాగా మర్దించి, అరచేతితో తట్టి రొట్టె చేస్తారు. వేడికి పిండి కొంత ఉడికి, తానే జిగురు పుట్టిస్తుంది. పరాఠా కావాలనుకుంటే ఉడికించిన బంగాళాదుంపను మెదిపి కలపవచ్చు. లేదా కప్పు పిండికి ఒకటి రెండు చెంచాల ఇసబ్గోల్ పొట్టు చేర్చవచ్చు.

ఉత్తరాది వంటింట్లోనే మరొక మార్గమూ ఉంది. నవరాత్రి ఉపవాసాలలో ధాన్యం మాని కుట్టూ పిండితో పూరీలు, సింఘాడా పిండితో హల్వా చేసుకునే ఆచారం అక్కడ అనాదిగా ఉన్నదే. భక్తితో తొమ్మిది రోజులు వండేదానిని బిడ్డ కోసం ఏడాది పొడుగునా వండుకోవచ్చు. దక్షిణాదివారికి శ్రమ ఇంకా తక్కువ: ఉప్మాకు బొంబాయి రవ్వకు బదులు బియ్యపు రవ్వ, పాయసానికి గోధుమ సేమ్యాకు బదులు సగ్గుబియ్యం.

అసలు చిక్కు కంటికి కనిపించని గోధుమతోనే. బజారులో దొరికే ఇంగువలో తరచు గోధుమపిండి గాని మైదా గాని కలిసి ఉంటుంది. సాంబారులో వేసిన చిటికెడు చాలు పథ్యం చెడడానికి. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడిస్తే జొన్నపిండీ పనికిరాదు. గింజలు కొని, ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లోనే విసురుకోవడం క్షేమం. రొట్టెల పీట, కర్ర, పెనం వేరుగా ఉంచుకోవాలి. గ్లూటెన్ లేనిదని ముద్ర వేసి అమ్మే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశపు నిబంధన. ఈ అంకెను బట్టి ఎంత జాగ్రత్త అవసరమో ఊహించవచ్చు.

ఒక హెచ్చరిక. అనుమానం కలిగిన వెంటనే గోధుమ మానివేయరాదు. ముందే మానివేస్తే రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చు. పరీక్షలు పూర్తయిన తరువాతనే, వైద్యుని సలహాపై పథ్యం ఆరంభించాలి.

రోగికి ఒక వంట, మిగిలినవారికి ఒక వంట అన్న పద్ధతి ఎంతోకాలం సాగదు. పండుగనాడు పళ్ళెం ముందు ఒంటరిగా కూర్చున్న పిల్లవాడు ఏదో ఒకనాడు చాటుగా పూరీ ముక్క నోట వేసుకుంటాడు. వారానికి కొన్ని పూటలైనా ఇంటిల్లిపాదీ మొక్కజొన్న రొట్టె, ఆవకూర కలిసి తింటే ఆ బిడ్డకు అది పథ్యమనిపించదు. జీవితాంతం నిలవవలసిన పథ్యానికి రుచీ కావాలి, తోడూ కావాలి.