పెరట్లో వేడినీళ్ళ తొట్టికి చోటెక్కడ?

పోయిన వారం ఊరగాయ జాడీలు ఎండబెట్టుకోవడం గురించి చెప్పుకున్నాం కదా! ఈ వారం కొంచెం దూరం తీసుకువెళ్తాను, విసుక్కోకండి. మనలో చాలామంది పిల్లలు, తోబుట్టువులు అమెరికాలో ఉన్నారు. పురుళ్ళకనీ, మనవల్ని చూసుకోవడానికనీ వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తున్నాం. అక్కడి ఇళ్ళ విషయాలు ఇప్పుడు మన ఇళ్ళ విషయాలే.

2024 మార్చిలో నేను మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. నార్త్ కరోలినా రాష్ట్రంలో రాలీ పక్కన కేరీ అనే ఊరు. మనవాళ్ళు బాగా ఉన్న ఊరే. నేను వెళ్ళేసరికి పైన్ చెట్ల పుప్పొడి రాలుతోంది. కార్ల మీదా, మెట్ల మీదా ఎవరో పసుపు చల్లినట్టు ఉంది. ఇంటి వెనక వంటింటి తలుపు తీస్తే చెక్కలతో కట్టిన అరుగు. దాన్ని డెక్ అంటారు. నేలకు అడుగున్నర ఎత్తు. అది దాటితే పచ్చగడ్డి పెరడు, చివర కంచె, కంచె వారన నాలుగు పైన్ చెట్లు.

చెల్లెలి అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. అక్కడి చలికి మరీ బిగుసుకుపోతున్నాయి. డాక్టరుని అడిగితే గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు కూర్చుంటే మంచిదే అన్నాడట. దాంతో మా మరిది పెరట్లో హాట్ టబ్ పెట్టిద్దామని పట్టుబట్టాడు. హాట్ టబ్ అంటే అయిదారుగురు చుట్టూ కూర్చునే పెద్ద వేడినీళ్ళ తొట్టి. అడుగునా పక్కలా ఉన్న కన్నాల్లోంచి నీళ్ళు వేగంగా చిమ్ముతూ నడుముకీ కాళ్ళకీ తగులుతూ ఉంటాయి.

ఇది డబ్బున్నవాళ్ళ సోకు అని నేనూ అనుకున్నాను. కానీ దీని పుట్టుక వెనక ఒక తండ్రి బాధ ఉంది. ఇటలీ నుంచి కాలిఫోర్నియా వచ్చి పంపులు తయారుచేసిన జకూజీ అన్నదమ్ముల్లో కాండిడో అనే ఆయన కొడుక్కి పసితనంలోనే కీళ్ళవాతం వచ్చింది. ఇంట్లో స్నానాల తొట్టిలోనే నీళ్ళు తిరిగేలా ఒక పంపు చేశారు. 1956లో దాన్ని అమ్మకానికి పెట్టారు. ఆ కుటుంబంలోనే రాయ్ జకూజీ 1968లో పంపూ తొట్టీ కలిపి ఒకే వస్తువుగా చేశాడు.

సరే, టబ్ కొనడానికి ఒప్పుకున్నాం. ఎక్కడ పెట్టాలి? ఇంట్లో మొదలైంది అసలు చర్చ.

మరిది మొదట డెక్ మీదే పెడదామన్నాడు. తలుపు తీస్తే టబ్, చలిలో నడవక్కర్లేదు. అమ్మిన దుకాణంవాడు కూడా "భేషుగ్గా ఆగుతుంది" అనేశాడు. నేను ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని, అయినా ఇంటి లెక్కలు వచ్చినదాన్ని. కాగితం తీసుకుని కూర్చున్నాను. ఏడడుగుల చదరం టబ్‌లో 350 గ్యాలన్ల నీళ్ళు పడతాయి. అంటే సుమారు 1,325 లీటర్లు. లీటరు కిలో చొప్పున 1,325 కిలోలు. ఖాళీ టబ్ ఒక 350 కిలోలు. అయిదుగురు మనుషులు ఇంకో 350. మొత్తం రెండు టన్నులు! మూడు పాత మారుతీ 800 కార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. అక్కడ ఇళ్ళకు కట్టే మామూలు డెక్ చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు మోసేలా లెక్కకడతారు. ఈ టబ్ లెక్క చదరపు అడుగుకు 90 పౌండ్లు దాకా వస్తుంది. రెట్టింపు కంటే ఎక్కువ! ఇంజనీరుని పిలిపిస్తే ఆయనా అదే మాట చెప్పాడు. కింద వేరే స్తంభాలూ దూలాలూ కట్టకుండా డెక్ మీద పెట్టవద్దన్నాడు.

అప్పుడు మరిది పెరటి చివర, పైన్ చెట్ల కింద అన్నాడు. చాటుగా ఉంటుంది, పొరుగువాళ్ళకు కనబడదు, నీడ ఉంటుంది అని. చెల్లెలికీ నచ్చింది. నాకు ఎందుకో మనసొప్పలేదు. కారణం చెప్పమంటే చెప్పలేకపోయాను. "ఒక వారం ముగ్గేసి చూద్దాం" అన్నాను. అందరూ నవ్వారు. బియ్యప్పిండితో గడ్డి మీద ఏడడుగుల చదరం గీశాను, మూత తెరవడానికి వెనక రెండడుగులు, మోటారు బాగుచేసే మనిషి కూర్చోవడానికి ఇంకో పక్క మూడడుగులు వదిలి. కొనకముందే ఇలా గీసి చూసుకుంటే ఎంత జాగా తింటుందో తెలుస్తుంది. కాగితం మీద అంతా చిన్నదిగానే కనిపిస్తుంది కదా!

ఆ ఆదివారం చెల్లెలూ మరిదీ సరుకులకు వెళ్ళారు. అత్తయ్యగారు నడుం వాల్చారు. నేను చపాతీలు వత్తుతున్నాను. నాలుగేళ్ళ పాప డెక్ మీద లక్కపిడతలతో ఆడుతోంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. రెండు చపాతీలు కాల్చి తలెత్తితే పాప లేదు. పిలిచాను, పలకలేదు. పొయ్యి కట్టేసి పరిగెత్తాను. డెక్ మీద లేదు, మెట్ల కింద లేదు. పెరట్లో పనిముట్లు పెట్టుకునే చెక్కగది ఒకటి ఉంది. దాని వెనక్కి వెళ్ళి చూస్తే, ముగ్గు చదరం మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. "పెద్దమ్మా! నేను టబ్‌లో స్నానం చేస్తున్నా" అంది.

నా కాళ్ళు పట్టు తప్పాయి. అక్కడే గడ్డిలో కూలబడ్డాను. అది ముగ్గు కాబట్టి సరిపోయింది. నీళ్ళయితే? ఆ చెక్కగది అడ్డం వల్ల ఆ మూల వంటింట్లోంచి కనబడదు. నా మనసు ఒప్పుకోనిది అందుకేనని అప్పుడు తెలిసింది.

అమెరికాలో ఏడాది నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్ళలో మునగడమే. మునిగే పిల్లలు సినిమాల్లోలాగా కేకలు వెయ్యరు. చప్పుడు కాకుండా పోతారు. కేక వినబడుతుందిలే అని మనం వంటింట్లో నిశ్చింతగా ఉండడానికి లేదు. చూపే కాపలా.

సాయంత్రం మరిది రాగానే ఏం జరిగిందో చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. వెళ్ళి గొట్టం పెట్టి ఆ ముగ్గంతా తనే కడిగేశాడు. తిరిగి వచ్చి, "వదినగారూ, ఎక్కడ గీద్దామో మీరే చెప్పండి" అన్నాడు.

వంటింటి కిటికీ దగ్గర నన్ను నిలబెట్టి, చెల్లెలు పెరట్లో పిండి గిన్నెతో తిరిగింది. నేను స్టవ్ దగ్గరా, సింకు దగ్గరా, బల్ల దగ్గరా నిలబడి చూశాను. మూడు చోట్ల నుంచీ కనబడేది ఒకే చోటు. డెక్ పక్కన, తూర్పు వైపు, నేల మీద. అక్కడే గీశాం.

ఆ చోటు అన్నిటికీ కుదిరింది. కాలనీ సంఘం అనుమతి, మునిసిపాలిటీ పర్మిట్టూ తీసుకున్నాక, అక్కడి ఎర్రమట్టి తవ్వి, కంకర పోసి దిమ్మిస కొట్టి, పైన ఇనుప చువ్వలతో నాలుగంగుళాల కాంక్రీటు పలక పోశారు. మట్టం సరిగ్గా చూడాలి. పలక ఒరిగితే నీళ్ళు ఒక పక్కకు చేరి టబ్ పగలవచ్చు. టబ్ మూడడుగుల ఎత్తు, డెక్ అడుగున్నర. అంటే డెక్ మీద నిలబడితే టబ్ అంచు మోకాలి పైకి వస్తుంది. అత్తయ్యగారు అంచు మీద కూర్చుని, కమ్మీ పట్టుకుని, కాళ్ళు లోపలికి తిప్పుకుంటారు. నిచ్చెన ఎక్కే పని లేదు. మోటారు తలుపు డెక్ వైపు కాకుండా బయటివైపు పెట్టించాం. కొందరు అందం కోసం టబ్ చుట్టూ చెక్కలు బిగించేస్తారట. మోటారు చెడితే ఆ చెక్కలన్నీ ఊడదీయాలి! చూరు నీళ్ళు టబ్‌లో పడకుండా గోడకు ఎడంగా జరిపాం. పైన్ చెట్లు దూరంగా ఉన్నాయి కాబట్టి పుప్పొడి బాధా తగ్గింది. కరెంటు 240 వోల్టులు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించాం. కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే బ్రేకర్ వేయించాం. కట్టేసే స్విచ్చి నీళ్ళకు అయిదడుగుల పైన దూరంలో, కంటికి కనబడేలా ఉండాలి.

అయితే సోదరీమణులారా, ఒక్కటి దాచను. పెద్దవాళ్ళకు ఎక్కడం సులువైన చోటు పసిపిల్లలకూ సులువే. డెక్ మీంచి పాప ఒక్క గెంతులో అంచు ఎక్కగలదు. అందుకే నాలుగు వైపులా తాళం పడే గట్టి మూత కొన్నారు. తాళంచెవి దేవుడి అలమర పైన మేకుకి. వంటింటి తలుపుకి పైన గడియ. డెక్ మీద కుర్చీలు టబ్ దగ్గరకు చేరకుండా రెండో పక్కకు మార్చాం. చూపు ఒక్కటే చాలదు, తాళం ఒక్కటే చాలదు. రెండూ ఉండాలి.

ఇంకో సంగతి. 2002 జూన్‌లో వర్జీనియా రాష్ట్రంలో గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప, ఈత వచ్చిన పిల్లే, హాట్ టబ్ అడుగున నీళ్ళు లాగే జాలీకి అతుక్కుపోయింది. తల్లి ఎంత లాగినా రాలేదు. ఇద్దరు మగవాళ్ళు లాగితే జాలీ మూత విరిగింది గానీ పాప దక్కలేదు. అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన జేమ్స్ బేకర్ మనవరాలు ఆ పాప. తల్లి నాన్సీ బేకర్ ఊరుకోలేదు. ఆమె పోరాటం ఫలితంగా 2007 డిసెంబరులో ఆ పాప పేరు మీదే చట్టం వచ్చింది. ఇప్పుడు అక్కడ అమ్మే జాలీ మూతలు ఆ ప్రమాణాలకు తగ్గట్టుగా ఉండాలి. మూత పగిలినా ఊడినా ఆ టబ్‌లోకి ఎవరూ దిగకూడదు. పొడుగు జడలున్న ఆడపిల్లలు ముడి చుట్టుకునే దిగాలి. జుట్టు కూడా ఆ జాలీలో చిక్కుకుంటుంది.

నవ్వొచ్చే ముచ్చట కూడా చెబుతాను. టబ్ పెట్టిన మొదటి శనివారం అత్తయ్యగారు అలవాటు ప్రకారం ఒళ్ళంతా నువ్వులనూనె పట్టించుకుని దిగారు. అయిదు నిమిషాల్లో తెల్లటి నురగ, ఆవిడ గడ్డం దాకా! వడపోత మూసుకుపోయి, నీళ్ళన్నీ పారబోయాల్సి వచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో సామెత అయింది: ఇది స్నానం చేసే తొట్టి కాదు, స్నానం చేసి కూర్చునే తొట్టి.

మా అమ్మమ్మగారింట్లో నీళ్ళ కాగు వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉండేది. పొగ వంటింట్లోకి వస్తోందని మావయ్య ఎన్నిసార్లు గొణిగినా ఆవిడ కదపనివ్వలేదు. చిన్నప్పుడు అది మొండితనం అనుకున్నాను. ఏడుగురు పిల్లలు తిరిగే ఇల్లది. ఇప్పుడు అర్థమైంది.

గుర్తుంచుకోండి:

1. వేడి 104 ఫారెన్‌హీట్ డిగ్రీలు (40 సెంటీగ్రేడ్) దాటకూడదు. పెద్దవాళ్ళకు ఇంకా తక్కువే మేలు. పదిహేను నిమిషాలు చాలు.

2. బీపీ, గుండె జబ్బు, షుగరు ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగే దిగాలి. గర్భిణులు, ముఖ్యంగా తొలి నెలల్లో, దిగకపోవడమే మంచిది. అయిదేళ్ళ లోపు పిల్లల్ని దింపవద్దు.

3. క్లోరిన్, పీహెచ్ కాగితంతో తరచు చూసుకోవాలి. క్లోరిన్ కనీసం 3 పీపీఎం, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి.

4. ఉరుములు వినబడితే వెంటనే బయటకు రావాలి.

5. మన ఊళ్ళలో కొత్తగా మేడ మీద ఇలాంటి తొట్లు పెట్టించుకునేవాళ్ళు కూడా ఇంజనీరుని అడగందే నీళ్ళు నింపకండి. రెండు టన్నుల లెక్క ఎక్కడైనా రెండు టన్నులే.

టబ్ మనకెందుకండీ అనుకునేవారికి చివరి మాట. మన ఇళ్ళలో సంపు ఉంది, గాబు ఉంది, బాత్‌రూములో నిండా పట్టిన డ్రమ్ము ఉంది. ఈ పత్రిక పక్కన పెట్టాక ఒక్కసారి లేచి వెళ్ళి, సంపు మూత సరిగ్గా పడిందో లేదో, దానికి తాళం ఉందో లేదో చూసి రండి. మీరు పొయ్యి దగ్గర నిలబడితే అది కనబడుతుందా?

వచ్చే వారం మళ్ళీ కలుసుకుందాం. వడియాలు పట్టే రోజులు కదా, గుమ్మడికాయ కోసుకుని సిద్ధంగా ఉండండి!