గ్రంథకర్త స్వకంఠము

గ్రంథమును కంటితో చదువుటకు మాఱుగా చెవితో వినుట నేఁడు సర్వసామాన్యమైనది. ఆడియో పుస్తకములను వీనిలో గ్రంథకర్త తానే చదివినవానియందు శ్రోతలకు ప్రీతి మెండు. ఇది వట్టి కుతూహలమని కొందఱందురు. కంఠసాధన చేసిన నటుఁడో, రేడియో ప్రకటనకర్తయో చదివినచో స్పష్టముగ నుండును గదా యని వారి వాదము. దీర్ఘమైన నవలల విషయమున నే నీ వాదము నొప్పుకొందును. గొప్ప రచయితలందఱు గొప్ప పాఠకులు కారు; కొందఱి పఠనము నిద్రపుచ్చును. కాని కవిత్వము సంగతి వేఱు.

శ్రీశ్రీ ‘మహాప్రస్థానము’ 1950లో పుస్తకరూపమున వెలువడెను. 1981లో గూటాల కృష్ణమూర్తిగారు లండనులో దానిని కవి స్వదస్తూరితోనే అచ్చొత్తించి, ఆయన కంఠమున చదివిన కేసెట్టును జతపఱచిరి. 1983లో కవి గతించెను. ఏ పాదమున నాగవలెనో, ఏ పదమును నొక్కి పలుకవలెనో కవి యెఱిఁగినట్లు అచ్చు చెప్పఁజాలదు.

మన యోరుగల్లువారికి ఇందు మఱియొక ప్రయోజనము కలదు. కాళోజీ నారాయణరావుగారు (1914–2002) ప్రజల పలుకుబడియే వ్రాఁతలోనికి రావలెనని పట్టుపట్టినవారు. తండ్రి మహారాష్ట్రుఁడు, తల్లి కన్నడిగ. అయినను ఆ పట్టుదల మన భాషపైననే! ఆయన జన్మదినమగు సెప్టెంబరు 9 నేఁడు తెలంగాణ భాషా దినోత్సవము. ఆనాఁడు మన బాలబాలికలు ఆయన గేయములను చదువుదురు. ఎట్లు? వార్తలు చదువువారి స్వరమున. అక్షరములన్నియు సరియే, యాస మాత్రము మృగ్యము. యాసను చూపుటకు మన లిపిలో గుర్తులు లేవు. కావున నిలిచియున్న ఆయన మాటల ధ్వనిముద్రణములను ముందు వినిపించి, పిదప పుస్తకమును చేతికిచ్చుట మేలని నా యభిప్రాయము. అనుకరించుటకుఁ గాదు, తమ యింటి మాటయే కవి మాటయని పిల్లలకుఁ దెలియుటకు.

పోతన కంఠమెట్టిదో మన మెఱుఁగము. ఖిలాలోని కీర్తితోరణములు నిలిచినవి గాని, వాని క్రింద నడచినవారి పలుకు వినరాదు. ఎడిసను ఫోనోగ్రాఫును కనిపెట్టినది 1877లో గదా. నేఁడు మొబైల్ ఫోను లేని యిల్లు అరుదు. విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యూర పాటలు గట్టువారు, కథలు వ్రాయువారు ఉన్నచో, వారి రచనను వారిచేతనే చదివించి రికార్డు చేయుఁడు. మొదట పేరు, ఊరు, తేదీ చెప్పించుట మఱవకుఁడు. చదువుచు తడఁబడినను నడుమ నాపి సరిదిద్దవలదు.