బంతి, బటన్, దయ్యం

హేతువాద సంఘ సభ్యుణ్ణి కాబట్టి ముందుగా ఒక ఒప్పుకోలు. గేమ్ బాయ్‌లో పోకెమాన్ రెడ్ ఆడిన రోజుల్లో, బంతి విసిరాక అది ఊగినంతసేపూ బి బటన్ నొక్కి పట్టుకునేవాణ్ణి. అలా పట్టుకుంటే లోపలి జీవి తప్పించుకోదని ఎవరో చెప్పారు. ఇలాంటివి ఎప్పుడూ 'ఎవరో' చెబుతారు.

నిజానికి బంతి విసరగానే లెక్క తేలిపోతుంది. జీవికి మిగిలిన ప్రాణబలం, దాని జాతిని పట్టడం ఎంత కష్టమో చెప్పే అంకె, యాదృచ్ఛిక సంఖ్య వంటివే ఆ లెక్కలో ఉంటాయి. తర్వాతి ఊగడమంతా మనకోసం ఆడే నాటకం. 1948లో బి.ఎఫ్. స్కిన్నర్ రాసిన పావురాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. గింజలు వాటంతటవే నిర్ణీత సమయానికి పడుతున్నా, తాము మెడ తిప్పితేనే పడుతున్నాయన్నట్టు తిప్పుతూనే ఉన్నాయి. నేనూ ఆ పావురాన్నే.

ఆట మంచిదే, అందులో అనుమానం లేదు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో రెడ్, గ్రీన్ అని రెండుగా వచ్చింది. సృష్టికర్త సతోషి తజిరి చిన్నప్పుడు పురుగులు పోగుచేసేవాడట. ఆ కుతూహలం ఆటలో కనిపిస్తుంది: గడ్డిలో వెతకడం, పోల్చడం, జాబితా నింపడం. కొన్ని జీవులు ఒక్క ఆటలోనే దొరుకుతాయి, మిగతావి కేబుల్ తగిలించి ఎదుటివాడితో మార్చుకోవాలి. వ్యాపార ఎత్తుగడే, కాదనను. కానీ దానివల్లే ఇద్దరు పిల్లలు పక్కపక్కన కూర్చున్నారు.

నాకు కష్టంగా తోచింది వేరే. నూటికి నూరు గురి ఉందని చెప్పిన దెబ్బలు కూడా దాదాపు అన్నీ 256లో ఒకసారి తప్పుతాయి. అది ప్రోగ్రాములో దొర్లిన పొరపాటు. తెరమీద మాత్రం నూరే. ఆటగాడు తన అదృష్టాన్ని తిట్టుకుంటాడు. మానసిక శక్తుల జీవులు దయ్యాల దెబ్బకు భయపడతాయని ఆటలోనే ఒక పాత్ర చెబుతుంది. తీరా కొడితే ఏమీ కాదు! పురుగుల దెబ్బలేమో మరీ బలహీనం. ఒక పొరపాటు పుణ్యమా అని అతీంద్రియ శక్తికి విరుగుడు లేకుండా పోయింది. ఆ రకం జీవి కడాబ్రా చేతిలో చెంచా ఉంటుంది. దాని జపాన్ పేరు యుంగెరా. చెంచాలు వంచే యూరీ గెల్లర్ 2000లో నింటెండోపై దావా వేశాడు, 2020లో క్షమాపణ చెప్పాడు. 1973లో జానీ కార్సన్ కార్యక్రమంలో, జేమ్స్ రాండీ సలహాతో ముందుజాగ్రత్తలు తీసుకుంటే, ఆయన ఒక్క చెంచా కూడా వంచలేకపోయాడని మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు.

లావెండర్ టౌన్ గోపురంలో దయ్యం అడ్డొస్తే మన జీవులు బెదిరిపోతాయి. సిల్ఫ్ స్కోప్ అనే పరికరం తెచ్చి చూడాలి. భేష్, పరీక్షించి చూడమంటున్నారు కదా అని సంబరపడ్డాను. చూస్తే అది చనిపోయిన తల్లి మారోవాక్ ఆత్మేనట! గొంగళి సీతాకోకగా మారడాన్ని పరిణామం అనడం ఇంకో తలనొప్పి. అది రూపవిక్రియ. పరిణామం తరాల మీదుగా జరుగుతుంది, ఒక్క జీవిలో కాదు.

మొన్న మా మేనల్లుడు ఈ ఆట ఆడుతూ బి నొక్కి పట్టుకోవడం చూశాను. యాభైసార్లు పట్టుకుని, యాభైసార్లు వదిలేసి, ఫలితాలు కాగితం మీద రాయమన్నాను. ఇరవై దాటకుండానే విసుగొచ్చి, "నీకు ఆడటం రాదు మామయ్యా" అన్నాడు.