పరీక్షలో ఒక భాష తగ్గొచ్చు, ఇంట్లో తెలుగు ఆగకూడదు

ఆటిజం ఉన్న బిడ్డ తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ చదవాల్సిందేనా? చెన్నైలో ఉండే మనబోటి కుటుంబాలకు ఇది చిన్న ప్రశ్నేమీ కాదు. బడి విషయంలో దీనికి ఒక జవాబుంది, ఇంటి విషయంలో ఇంకో జవాబుంది. రెండూ కలిపేసుకుంటేనే చిక్కు.

ముందు బడి సంగతి చూద్దాం. 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలనే గుర్తించింది, అందులో ఆటిజం పేరే లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించింది, వాటిలో ఆటిజం ఒకటి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి మార్పులు ప్రభుత్వాలు చేయాలని ఆ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. ఇది ఎవరో జాలిపడి ఇచ్చేది కాదు.

అయితే చేతిలో సర్టిఫికెట్ ఉండాలి. దాని కోసం స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. 2024 అక్టోబరులో నిబంధనలు మార్చి, సర్టిఫికెట్ ఇచ్చే గడువును నెల నుంచి 3 నెలలకు పెంచారు. అంటే పదో తరగతి పరీక్ష ఫారాలు నింపే రోజుల్లో పరుగెత్తితే లాభం లేదు. తొమ్మిదిలో ఉండగానే మొదలుపెట్టండి. వైకల్యం 40 శాతం, అంతకు మించి అని తేలితే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య కూడా హక్కే.

ఎక్కడికి వెళ్లాలి? మనకు దగ్గర్లో ముట్టుకాడులో కేంద్ర ప్రభుత్వ సంస్థ నీప్‌మెడ్ ఉంది. 2005లో మొదలైన ఈ సంస్థలో చిన్నపిల్లల కోసం విడిగా కేంద్రం నడుస్తోంది. తెలుగు నేల మీదే చూపించుకోవాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఇలాంటి జాతీయ సంస్థే ఉంది. వైద్యం, థెరపీ ఖర్చులకు నేషనల్ ట్రస్ట్ వారి 'నిరామయ' బీమా 1 లక్ష రూపాయల వరకు ఆదుకుంటుంది. ఎక్కడ పరీక్ష చేయించినా ఇంట్లో మాట్లాడేది తెలుగు అని ముందే చెప్పండి. రాని భాషలో అడిగితే ఏ బిడ్డైనా నోరు విప్పడు. అది చూసి బిడ్డకు ఏమీ తెలియదని రాసేసే ప్రమాదం ఉంది.

ఇక ఇంటి సంగతి. "బిడ్డ అయోమయపడతాడు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని చాలామంది సలహా ఇస్తుంటారు. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లలు ఒకే భాషతో పెరిగినవాళ్ల కంటే వెనకబడలేదని పలు దేశాల్లో జరిగిన పరిశోధనలు తేల్చాయి. పేపరు మినహాయింపు మార్కులకు సంబంధించినది. ఇంటి మాట అమ్మమ్మ, నాయనమ్మ, మేనమామ పిల్లలతో బిడ్డకు ఉండే బంధానికి సంబంధించినది. ఆటిజం ఉన్న బిడ్డకు మనుషులతో కలవడమే కష్టం. ఆ కాస్త దారినీ మనమే మూసేస్తే ఎలా? తమకు సరిగ్గా రాని ఇంగ్లీషులో తల్లిదండ్రులు మాట్లాడితే ముద్దు, మందలింపు కూడా పొడిమాటలైపోతాయి. మాటలు రాని బిడ్డకు బొమ్మల కార్డులు వాడుతుంటే వాటి మీద తెలుగు పేర్లే రాయండి.

పిల్లలూ, మీకూ ఒక మాట. మీ తరగతిలో ఎవరైనా కళ్లలోకి చూడకపోయినా, గోలకు చెవులు మూసుకున్నా, అడిగిందే మళ్లీ అడిగినా అది పొగరు కాదు. నెమ్మదిగా, చిన్న మాటల్లో చెప్పండి. జవాబు వచ్చేదాకా ఆగండి.

తల్లిదండ్రులు కార్డు నకలు చేతికి రాగానే ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి. ఏ భాషా పేపరుకు మినహాయింపు అడగాలో బిడ్డకు ఏది సులువో చూసి, తెలుగు ఉపాధ్యాయులతో కూడా మాట్లాడాకే తేల్చుకోండి.