వ్యాధి కొలతలు, అనుభవ ప్రమాణం: ఒక న్యాయవిచారం

ఆధునిక వైద్యం పార్కిన్సన్స్ అని వ్యవహరించే కంపవాతాన్ని వైద్యులు ఐదు దశలుగా విభజిస్తారు. హోన్, యార్ అనే ఇద్దరు వైద్యులు 1967లో ప్రకటించిన క్రమమిది. దేహంలో ఒక పార్శ్వానికే లక్షణాలు పరిమితమైతే అది ప్రథమ దశ. పరుల సహాయం లేనిదే మంచాన్ని గాని, చక్రాల కుర్చీని గాని విడువలేని స్థితి పంచమ దశ. వణుకు, కండరాల బిగువు, నడకలో తూలుడు పరులకు ప్రత్యక్షగోచరాలు కనుక వాటిని కొలవడం యుక్తమే, అవసరం కూడా. భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఈ వ్యాధి ఒకటి. ఆ చట్టం కల్పించే కొన్ని ప్రత్యేక ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ధ్రువపడాలి. దేహం మిథ్య, దాని లెక్కలెందుకు అనే వేదాంతం, ఆ ధ్రువపత్రం కోసం వరుసలో నిలుచున్న కుటుంబానికి ఏ విధంగానూ ఉపకరించదు.

దోషం కొలతలో లేదు. కొలత నుండి జీవితంపై తీర్పు చెప్పడంలో ఉంది. "ఐదవ దశ వచ్చేసింది, ఇక ఆ బ్రతుకులో ఏముంది?" అనే మాట అనేక గృహాలలో వినబడుతుంది.

న్యాయదర్శనం ప్రకారం సుఖదుఃఖాలు వాటిని అనుభవించే వానికే మనస్సు ద్వారా ప్రత్యక్షమవుతాయి. ఇతరులకు అవి అనుమానగమ్యాలు మాత్రమే. అనుమానానికి వ్యాప్తి కావాలి. ధూమమున్న చోటనల్లా అగ్ని ఉన్నట్లు, తీవ్రవైకల్యమున్న చోటనల్లా నిస్సారజీవనం ఉన్నదా? కదలికలను శాసించే నాడీకణాలు క్షీణించే ఏ.ఎల్.ఎస్. వ్యాధిలో 12 అంశాలను పరీక్షించి 48కి గణన చేస్తారు. వ్యాధి ముదిరేకొద్దీ ఆ గణన తగ్గుతూ పోతుంది. అయినా తమ జీవితం ఎలా ఉన్నదని రోగులనే అడిగినప్పుడు, వారి సమాధానం ఆ అంకెతో పాటు దిగజారడం లేదని పరిశోధకులు పలుమార్లు గమనించారు. అనగా ఇక్కడ హేతువు వ్యభిచరిస్తున్నది. సవ్యభిచార హేతువుతో సాధించిన నిర్ణయం ప్రమాణం కాజాలదు.

అల్జీమర్స్ రోగుల జీవననాణ్యతను తెలుసుకొనే ఒక ప్రశ్నావళిలో 13 ప్రశ్నలుంటాయి. వాటిని రోగినీ, సంరక్షకులనూ వేర్వేరుగా అడుగుతారు. సాధారణంగా సంరక్షకుల అంచనాయే రోగి చెప్పిన దానికన్నా తక్కువగా ఉంటుంది. వారికి ప్రేమ లేక కాదు. వారి అలసట, వారి శోకం ఆ అంచనాలో కలుస్తాయి.

కనుక ఈ విషయంలో శబ్దమే ప్రమాణం, రోగియే ఆప్తుడు. కంపవాతరోగుల కోసం రూపొందిన 39 ప్రశ్నల పత్రం ఈ మార్గాన్నే అనుసరిస్తుంది. వ్యాధిని దాచవలసి వచ్చిందా, నలుగురిలో తినడానికి, త్రాగడానికి వెనుకాడారా అని అది రోగినే అడుగుతుంది. తీర్థం చేతిలో నిలవక ఒలికిపోతుందనే సంకోచంతో ఆలయానికి రావడం మానుకొన్న వృద్ధుని బాధ ఆ ఐదు దశలలో ఎక్కడా నమోదు కాదు. తోడు వచ్చినవారు ఆయన చేయి పట్టుకొనగా తీర్థమివ్వడానికి అర్చకునికి పట్టేది క్షణకాలమే.

రోగి తన వారికి భారం కారాదని బాధను దాచవచ్చు గదా అనే ఆక్షేపణ సమంజసమే. అందుకే ఏకాంతంలో, ఔషధం పనిచేస్తున్న వేళలో అడగాలి. మాట పూర్తిగా నశించిన దశలో చూపును, భ్రుకుటిని, ఆహారం పట్ల విముఖతను గమనించి ఊహించక తప్పదు. అయితే అది ఊహ మాత్రమేనని స్మరిస్తూ, దానిని మరల మరల సరిచూసుకోవాలి.

ఈ వ్యాధిలో ముఖకండరాలు బిగుసుకొని ముఖం భావరహితంగా కనిపిస్తుంది, కంఠం సన్నగిల్లుతుంది. ఆయనకేమీ తెలియదని భ్రమించి, పరామర్శకు వచ్చినవారు ఆయన ఎదుటనే "ఆ భగవంతుడు త్వరగా తీసుకుపోతే బాగుండును" అంటారు, ఇదంతా పూర్వజన్మ కర్మఫలమని నిర్ణయిస్తారు. విన్నవాడు సమాధానం చెప్పేందుకు పెదవులు కదిపేలోగా సంభాషణ మరొక విషయానికి మరలిపోతుంది. సాక్షి చైతన్యాన్ని గూర్చి నిత్యం శ్రవణం చేసే సాధకులు, ఎదుట ఉన్న ఆ సాక్షిని ఒక్క ప్రశ్న అడిగి, సమాధానం వచ్చేవరకు మౌనంగా కూర్చోవడం అభ్యసించాలి.

స్వస్తి.