కాత్యాయని భాగము: పింఛను ఏకమొత్తము, గృహస్థుని వివేకము

పదవీ విరమణ సమీపించిన ప్రభుత్వోద్యోగి ముందునకు అనేక పత్రములు వచ్చును. వానిలో చాలమంది క్షణమైనను ఆలోచింపక సంతకము చేయునది కమ్యుటేషన్ పత్రము. నెలనెల రావలసిన పింఛనులో కొంత భాగమును వదలుకొని, దానికి ప్రతిగా పన్ను లేని ఏకమొత్తమును ముందుగనే స్వీకరించుటయే కమ్యుటేషన్. "అందఱును తీసికొనుచున్నారు, పైగా పన్ను లేదు" అను రెండు మాటలతో విచారణ ముగియును. 15 సంవత్సరముల జీవనమును నిర్దేశించు నిర్ణయమునకు ఈ రెండు మాటలు చాలవు.

ముందుగా లెక్కను చూడవలెను. కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వర్తించు 1981 నాటి నియమముల ప్రకారము మూల పింఛనులో 40 శాతము వఱకు కమ్యూట్ చేసికొనవచ్చును. అరువదవ యేట విరమించిన వానికి పట్టికలోని గుణకము 8.194. అనగా నెలకు 50,000 రూపాయల మూల పింఛను గలవాడు అందులో 20,000 వదలుకొన్నచో, 19,66,560 రూపాయలు ఒకేసారి చేతికి వచ్చును. ఆపైన 15 సంవత్సరములు నెలకు 20,000 చొప్పున మొత్తము 36,00,000 రూపాయలు తగ్గును. ఆ కాలమంతయు జీవించినవానికి ఇది ఏటా సుమారు 9 శాతము వడ్డీకి తెచ్చిన అప్పుతో సమానము. 15 ఏండ్ల పిమ్మట పూర్తి పింఛను పునరుద్ధరింపబడును. ఈ హక్కు 1986 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో స్థిరపడినది. కరవు భత్యము మాత్రము తగ్గింపునకు ముందున్న మూల పింఛనుపైననే లెక్కింపబడును. రాష్ట్రములలో పట్టికలు కొంత భిన్నముగా ఉండవచ్చును గాని, వ్యవహార స్వరూపము ఇదియే.

ఈ లెక్కనుండి తేలు సత్యము ఒక్కటి. ఏకమొత్తము ప్రభుత్వ బహుమానము కాదు. అది అరువదేండ్లవాడు డెబ్బదేండ్లవాని యొద్ద తీసికొను ఋణము. ఇచ్చువాడును తానే, పుచ్చుకొనువాడును తానే. అయితే ఇచ్చు వృద్ధుడు సంతకము నాడు అచట కూర్చుండి "నాకు వలయును" అని చెప్పలేడు. అతని పక్షమున మాట్లాడగలిగినది వివేకమొక్కటే.

"పన్ను లేదు" అను ఆకర్షణను కూడ పరీక్షింపవలెను. ప్రభుత్వోద్యోగి పొందు కమ్యుటేషన్ ధనము పూర్తిగా పన్ను మినహాయింపు పొందును, అది నిజము. అయితే 2025-26 ఆర్థిక సంవత్సరము నుండి నూతన పన్ను విధానమున 12 లక్షల వఱకు పన్ను విధింపదగు ఆదాయము గలవానికి రిబేటు వలన చెల్లింపవలసిన పన్ను ఉండదు. పైన చెప్పిన పింఛనుదారునకు ఇతర ఆదాయము పెద్దగా లేనిచో, అతడు వదలుకొను నెలసరి 20,000 పైనను పన్ను ఉండెడిది కాదు. లేని పన్నును తప్పించుకొనుటకై భవిష్యదన్నమును అమ్ముకొనుట ఏ అర్థశాస్త్రమునకు సమ్మతము?

బుద్ధిని ఇచట మూడు భావములు ఆవరించును. మొదటిది లోభము: పెద్ద సంఖ్యను ఒకేసారి ఖాతాలో చూడవలెనను కోరిక. రెండవది మోహము: కుమారుని స్థలమునకో, అల్లుని వ్యాపారమునకో తండ్రి ధనము చేరవలెనను ఒత్తిడి. మూడవది అన్నింటికంటె సూక్ష్మమైనది, వైరాగ్యమువలె కనబడు ఉదాసీనత. "ఈ వయస్సున మాకు ధనముతో పనియేమి?" అని సర్వమును పిల్లల చేతికిచ్చినవాడు, కొన్ని యేండ్లకు మందుల చీటీ పట్టుకొని అదే పిల్లల ముఖము చూడవలసి వచ్చును. త్యాగము స్వాతంత్ర్యమును పెంచవలెను. దైన్యమునకు దారితీసినది త్యాగము కాదు, అవిచారము.

ఈ సందర్భమున బృహదారణ్యకోపనిషత్తులోని యాజ్ఞవల్క్యుని వృత్తాంతము స్మరణీయము. గృహస్థాశ్రమమును వీడ నిశ్చయించిన ఆ మహర్షి, ముందుగా తన ఇరువురు భార్యలకు ఆస్తిని పంచి ఇవ్వదలచెను. ధనముతో అమృతత్వము లభించునా యని మైత్రేయి ప్రశ్నించెను. ఆ ప్రశ్ననుండియే ఆత్మవిద్యోపదేశము ప్రవహించెను. లోకము మైత్రేయిని స్మరించును, అది యుక్తమే. కాని కాత్యాయనిని ఎవరును స్మరింపరు. బ్రహ్మజ్ఞుడైన యాజ్ఞవల్క్యుడు ఆమె భాగమును మఱచి వెడలిపోదలపలేదు. విభాగము పిదపనే ప్రవ్రజనము అనుట ఆయన క్రమము. ఆశ్రితుల భరణమును స్థిరపఱుపని విరక్తి అసంపూర్ణమని ఆ క్రమమే బోధించుచున్నది.

పింఛనుదారుని గృహమందును ఒక కాత్యాయని కలదు. భర్త నిర్ణయించు సంఖ్యతో పదునైదేండ్లు ఇల్లు నడపవలసినది ఆమెయే, కాని ఆ పత్రముపై ఆమె అభిప్రాయమును అడుగువారు అరుదు. ఆమె కోణమునుండి చూచినచో కమ్యుటేషన్‌కు అనుకూలమైన వాదము కూడ ఒకటి కలదు. 15 ఏండ్లు నిండకముందే పింఛనుదారుడు మరణించినచో, మిగిలిన మొత్తమును ఆమెకు వచ్చు కుటుంబ పింఛనునుండి మినహాయింపరు. ఆ కుటుంబ పింఛను సాధారణముగా పూర్తి పింఛనుకంటె తక్కువ. కావున తీవ్ర వ్యాధిగ్రస్తుడైన భర్త ఏకమొత్తమును తీసికొని ఆమె పేర భద్రపఱచుట ధర్మసమ్మతమే గాక, లెక్కకు కూడ నిలుచును. మరణము నిశ్చితము, దాని సమయము అనిశ్చితము. అందువలన ఈ ప్రశ్నకు అందఱికిని వర్తించు సమాధానము లేదు. ప్రయోజనమును బట్టియే సమాధానము.

ప్రయోజనము ఇదివఱకే గృహద్వారమున నిలిచియున్నచో తీసికొనవలెను. 12 శాతము, అంతకు మించిన వడ్డీతో పెరుగుచున్న అప్పు, వాయిదా వేయరాని చికిత్స, నివసించుటకు సొంత ఇల్లు లేకుండుట, ఇవి అట్టి ప్రయోజనములు. ప్రయోజనము ఇంకను పుట్టక, "తీసికొని చూతము" అను ఊహ మాత్రమే ఉన్నచో వేచియుండుటయే మేలు. 9 శాతమునకు తెచ్చి, అంతకంటె తక్కువ వడ్డీకి డిపాజిట్ చేయుట వృద్ధి కాదు, క్షయము. పిల్లలకు ఇచ్చుట విషయమునకు గీత పదునేడవ అధ్యాయమున సాత్త్విక దానమునకు చెప్పిన దేశము, కాలము, పాత్రము అను త్రివిధ పరీక్షయే ప్రమాణము. కాలము అను పదము అచట ఊరక చేరలేదు.

వేచియుండుటకు నియమములలోనే అవకాశమున్నది. విరమణానంతరము ఒక సంవత్సరములోపు దరఖాస్తు చేసినచో వైద్య పరీక్ష అవసరము లేదు. వయస్సు పెరిగినకొలది గుణకము తగ్గును గాని, ఒక్క యేటి తగ్గుదల స్వల్పము. 40 శాతము గరిష్ఠ పరిమితి మాత్రమే, విధి కాదు. 15 శాతముతో పని నెఱవేరునప్పుడు మిగిలినదానిని ముట్టనవసరము లేదు. ఒకసారి అమలైన కమ్యుటేషన్‌ను మాత్రము వెనుకకు తీసికొనుటకు వీలులేదు.

జాతీయ పింఛను వ్యవస్థలోని ప్రభుత్వోద్యోగుల స్థితి మఱింత సున్నితమైనది. వారు అరువదవ యేట సంచితనిధిలో 60 శాతము వఱకు పన్ను లేకుండ తీసికొనవచ్చును. మిగిలిన 40 శాతముతో యాన్యుటీ కొనవలెను. ఇచట 15 ఏండ్లకు పునరుద్ధరణ యనునది లేదు. వ్యయమైనది వ్యయమైనట్లే. అయితే ఆ ఏకమొత్తమును వెంటనే తీసికొనక వాయిదా వేసికొను వెసులుబాటు వారికి కలదు. దానిని వినియోగించుకొనువాడు ధీరుడు.

ఆధ్యాత్మిక చింతనకు ఈ లెక్కలు తగవని కొందఱు తలంతురు. పూర్వము వానప్రస్థునకు అరణ్యము కందమూల ఫలములను ఇచ్చెను. నేటి వానప్రస్థునకు ప్రతి నెల మొదట ఖాతాలో చేరు పింఛనే ఆ కందమూలము. దానిని ఒక్కనాడే పెఱికి వండుకొన్నవానికి మఱునాటి జపము నిశ్చలముగా సాగదు. చిత్తశాంతికి ఆధారమైన ఆ నెలసరి ధనమును కాపాడుకొనుట లోభము కాదు, యోగక్షేమ వివేకము. సంతకమునకు ముందు దంపతులిద్దఱును కాగితముపై నెల ఖర్చులను వ్రాసికొని, తగ్గిన పింఛనుతో పోల్చి చూడవలెను. ఆ లెక్క కాత్యాయనికి సమ్మతమైన పిమ్మటనే కలమును చేతబట్టుట ఉచితము.