బిజిలీ హిసాబ్‌లో రాయని ఖర్చు

బొగ్గు కరెంటు సస్తా అని అందరూ అంటారు. బిల్లు వరకే చూస్తే సచ్చే కావచ్చు. కానీ బిల్లులో ఎక్కని ఖర్చు ఒకటుంది. అది ఎవరు కడుతున్నారన్నదే నా సవాల్.

థర్మల్ ప్లాంటు అంటే పెద్ద మాయేం కాదు. చాయ్ మరిగేటప్పుడు గిన్నె మీద మూత ఎగిరేది ఏ తాకత్‌తోనో, అక్కడా అదే. బొగ్గు కాల్చి నీళ్లు మరిగిస్తారు. ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది. అణు కేంద్రంలోనూ నీళ్లు మరిగించడమే, పొయ్యి మాత్రం వేరు. బొగ్గు వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటవుతుంది. మిగతాది పొగగొట్టాల్లో, కూలింగ్ టవర్లలో పోతుంది.

ఏ ముల్క్ అయినా తన దగ్గరున్న దాంతోనే ఇల్లు వెలిగించుకుంటుంది. నార్వేకి కొండల మీంచి దూకే నీళ్లున్నాయి, దాదాపు అంతా జల విద్యుత్తే. సౌదీకి చమురు, గ్యాస్. ఫ్రాన్స్ 1973 చమురు సంక్షోభం దెబ్బకి అణువు వైపు తిరిగింది. ఇప్పుడు దాని కరెంటులో సుమారు మూడింట రెండొంతులు అక్కణ్ణించే. మనకు బొగ్గుంది. దేశంలో తయారయ్యే కరెంటులో ఇంచుమించు ముప్పావు వంతు దానిదే.

ఇంగ్లాండ్ 1882లో లండన్‌లో బొగ్గు కరెంటు మొదలెట్టి, 2024 సెప్టెంబర్ 30న ఆఖరి ప్లాంటు మూసింది. 142 ఏళ్లు కాల్చుకున్నవాళ్లు మనకు నసీహత్ చేస్తే గుస్సా వస్తుంది. జాయజ్ గుస్సానే. కానీ దాని చాటున మన హుకూమత్ దాక్కోకూడదు.

ఎందుకంటే మన బొగ్గులో 30 నుంచి 40 శాతం దాకా బూడిదే. రామగుండంలో 1983 నుంచి సింగరేణి బొగ్గు కాలుతోంది. అక్కడి కరెంటు దక్షిణాది రాష్ట్రాలకు పోతుంది. సిమెంటుకి, ఇటుకలకి పోగా మిగిలిన బూడిద మాత్రం అక్కడి చెరువుల్లోనే.

పొగలోంచి గంధకం తీసే యంత్రాలు పెట్టాలని కేంద్రం 2015 డిసెంబర్‌లో నియమం తెచ్చింది. రెండేళ్ల గడువు. పొడిగిస్తూ పొడిగిస్తూ 2025 జూలైలో చాలా ప్లాంట్లకు మాఫీ ఇచ్చేసింది. మన బొగ్గులో గంధకం తక్కువని, ఖర్చు ఎక్కువని దలీల్. తక్కువే, మానుతాను. కానీ మనం కాల్చేది ఏటా కోట్ల టన్నులు!

రేపే ప్లాంట్లన్నీ మూసేయమని నేననను. వేల ఖాందాన్‌ల రోజీరోటీ అందులో ఉంది. పైగా పగటి జుమాకి సోలార్ చాలు గానీ, రాత్రి తరావీహ్‌లో ఫ్యాన్లు తిరగాలంటే ఇప్పటికి ఎక్కువగా బొగ్గే దిక్కు. నేనడిగేది ఒక్కటే. బూడిదకి, పొగకి అయ్యే ఖర్చు బిల్లులో ఎక్కించండి. గరీబు ఇళ్లను వదిలేసి ఏసీల ఇళ్ల మీద, ఫ్యాక్టరీల మీద యూనిట్‌కి కొన్ని పైసలు వెయ్యండి.

కిరాణా కొట్టులో ఉద్దెర పెడితే ఖాతాలో మన పేరే రాస్తారు. ఇక్కడ వెలుగు మనం వాడుకుని, ఉద్దెర ప్లాంటు పక్కన బతికేవాళ్ల పేరు మీద, వాళ్ల బచ్చాల ఊపిరితిత్తుల మీద రాయిస్తున్నాం. ఇది ఇన్సాఫ్ ఎలా అవుతుంది, భాయ్?